దొంగలకూ లోకువైన ఊరు

“ఇవాళ కూడా ఎవరూ ఎత్తుకుపోలేదా నాయనా?” మఠం గోడ మీదుగా మదర్ ఎడెల్‌ట్రాడ్ పలకరించింది.

“లేదు మదర్. ఎక్కడిదక్కడే పడుంది” అన్నాడు సర్పంచి క్విరిన్, ఏడుపు గొంతుతో.

పడున్నది మే ఒకటిన ఊరి నడిమధ్యన నిలబెట్టాల్సిన మాను. నున్నగా చెక్కి, నీలి చారలు వేసి పెట్టారు. పండగలోగా పొరుగూరి వాళ్లు దాన్ని దొంగిలించాలి. సొంతదారులు బీరు పోసి, సాసేజీలు పెట్టి, బతిమాలి విడిపించుకోవాలి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో అదొక మర్యాద. క్విరిన్ ఊరు క్లోస్టర్‌బాక్ మానును మాత్రం తాతల నాటి నుంచీ ఏ దొంగా ముట్టలేదు. కాపలా తీసేసినా అంతే. మఠం చూడ్డానికి బస్సుల్లో వచ్చే జనం ఎలాగూ ఊరి వైపు తల తిప్పరు, కనీసం దొంగలైనా తిప్పొద్దూ! ఈసారీ దొంగ పడకపోతే పదవికో దణ్ణం పెట్టేస్తానని క్విరిన్ పెళ్లాంతో అనేశాడు.

“మీ సిస్టర్లను కూడా మా ఊళ్లో కలవమనండి మదర్. కాస్త పెద్ద ఊరిలా కనిపిస్తాం.”

“గోడ ఇవతల వేరే ఊరు నాయనా. తొమ్మిది వందల ఏళ్లుగా అదే మాట.”

“దొంగల కోసం తెప్పించిన బీరు పాడైపోయేలా ఉంది.”

“అయ్యో, పాడవనిస్తే పాపం కదూ!” వెనక పొలంలో సిస్టర్ ఒటిలియా ట్రాక్టరు హోరులో ఆ మాట సగమే వినిపించింది.

మర్నాడు చూస్తే మాను లేదు!

క్విరిన్ వీధిలోనే గంతులేశాడు. పండగ బట్టలు తొడుక్కుని, బేరమాడ్డానికి పొరుగూరు హోల్జింగ్‌కు పరుగెత్తాడు.

“మీ మానా? మాకేం ఖర్మ!” అన్నాడు అక్కడి సర్పంచి లెన్స్. “అది ఎత్తుకొస్తే మా పరువేం గాను?”

తిరిగిన ప్రతి ఊళ్లోనూ అదే మాట. సాయంత్రానికి కాళ్లీడ్చుకుంటూ మఠానికి వచ్చాడు. ప్రార్థన ముగించి సిస్టర్లందరూ నడుములు పట్టుకుని బయటికి వస్తున్నారు.

“ఆలుగడ్డలు నాటాంలే” అంది మదర్. “నీకేమైంది?”

“రెంటికీ చెడ్డ రేవడినయ్యాను మదర్. మానూ పోయింది, దొంగలూ దొరకలేదు. ఎవడో పొయ్యిలో కట్టెలకని ఎత్తుకుపోయుంటాడు.” క్విరిన్‌కు నిజంగానే కన్నీళ్లొచ్చాయి.

“ఒకవేళ దొంగలు దొరికితే?”

“కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను! పీపాలన్నీ వాళ్లవే. సాసేజీలు నా చేత్తో వడ్డిస్తాను.”

“మాట తప్పవు కదా?”

“మీ మఠం మీద ఒట్టు. కాకపోతే దొంగ మా ఊరివాడు కాకూడదు. అలా చెల్లదు.”

మదర్ ఎడెల్‌ట్రాడ్ గోడను ఆప్యాయంగా నిమిరి, లోపలికి తిరిగి కేకేసింది:

“అమ్మాయిలూ, గ్లాసులు కడగండి!”