బండి చూడ్డానికి వచ్చినాయన

నెల్సన్ వాళ్లు కైకలూరు చేరేసరికే అమ్మకానికున్న ఆ క్వాలిస్ పక్కన ఇంకొకాయన నిలబడి ఉన్నాడు.

అరవై దాటిన మనిషి. తెల్ల లుంగీ, మోచేతుల దాకా మడిచిన చొక్కా. బానెట్ మీద చెయ్యి వేసి ఉంచాడు.

"మీరూ బండి చూడ్డానికేనా అండి?" అడిగాడు నెల్సన్.

"చూద్దామనేనండి," అన్నాడాయన.

పోటీకి మనిషి తయారన్నమాట అనుకున్నాడు నెల్సన్.

నెల్సన్ ఏలూరులో స్కూలు టీచరు. వెంట భార్య స్టెల్లా, తల్లి కృపమ్మ, తన పిల్లలిద్దరూ, తమ్ముడి పిల్లలిద్దరూ. సొంతూరు పెదపాడులో చర్చికి వెళ్లాలంటే రెండు ఆటోలు కావాలి. మోకాళ్ల నొప్పులతో ఆటో కుదుపులకి తట్టుకోలేక కృపమ్మ చర్చి మొహం చూసి ఏడాది కావస్తోంది.

"నన్నొదిలేసి మీరెళ్లి రండ్రా," అనేది ప్రతి ఆదివారం. అని, వాళ్లు వచ్చేదాకా వీధి గుమ్మంలోనే కూర్చునేది.

పోయిన వారం అందరూ షోరూముకెళ్లి కొత్త ఇన్నోవా ఎక్కి కూర్చున్నారు. పిల్లలు దిగమన్నా దిగలేదు. ధర విన్నాక పెద్దాళ్లే ముందు దిగారు.

ఇదిగో, ఇప్పుడీ పాత క్వాలిస్.

చేపల చెరువులవాళ్ల బండి. అమ్మకం సంగతి మాట్లాడుతున్నది ఆ ఇంటి మనిషి తాతాజీ. కాఫీలు తెస్తానని లోపలికెళ్లాడు. పెద్దాయన మాత్రం అక్కణ్ణించి కదల్లేదు.

"కొత్త ఇన్నోవా చూశారా అండి?" అడిగాడు నెల్సన్ని.

"చూశామండి."

"కొత్తది కొత్తదేనండి. మెత్తగా పోద్ది. చివరి సీటు దాకా ఏసీ గాలి తగులుద్ది. ఇదైతే గుంటలో పడ్డ సంగతి నడ్డికి తెలిసిపోద్ది."

స్టెల్లా భర్త చెవిలో అంది. "ఏవండీ, మనచేత వద్దనిపించడానికే ఇదంతా."

"వానాకాలం ఆ ఎడంపక్క వెనక తలుపులోంచి నీళ్లొస్తాయండి. రబ్బరు మార్పించుకోవాలి," అన్నాడు పెద్దాయన.

మెకానిక్కుని తెచ్చి ముందే చూపించుకున్నట్టున్నాడు అనుకున్నాడు నెల్సన్. ఒళ్లు మండింది.

"ఇంత చెడ్డ బండి మీకెందుకండీ మరి?"

ఆయన నవ్వాడు.

"చెడ్డదని ఎవరన్నారండి? కొత్తదాన్లో పిల్లలంతా ముందుకే చూస్తూ కూర్చోవాలి. దీన్లో వెనకాల ఎదురెదురు సీట్లు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటా పోట్లాడుకోవచ్చు."

ఆ మాట వినడంతోనే నలుగురు పిల్లలూ వెనక ఎక్కేశారు. ఎక్కగానే పోట్లాట మొదలైంది.

ఆయన కాసేపు అటే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కృపమ్మ వైపు తిరిగాడు.

"అమ్మగారూ, మీరూ ఎక్కి చూడండి. ఇది కొంచెం ఎత్తు. మీకు కుదురుద్దో లేదో కొనకముందే తెలియాలి కదా."

"నా వల్ల కాదు నాయనా."

"అవుద్దండి. మెట్టు మీద కాలు పెట్టి, ఇటు తిరిగి, ముందు ఈ మధ్య సీటు మీద కూర్చోండి. కాళ్లు తీరిగ్గా లోపలికి తీసుకోవచ్చు." చెయ్యి అందించాడు.

కృపమ్మ కూర్చుంది. కాళ్లు లోపలికి తీసుకుంది. చిన్నపిల్లలా నవ్వింది.

తాతాజీ కాఫీలు తెచ్చాడు. నెల్సన్ తను అనుకున్న ధర భయం భయంగా చెప్పాడు. తాతాజీ మారు మాట్లాడకుండా సరేనన్నాడు. కాగితాల మీద సంతకాలు ముందే చేసి ఉన్నాయి.

పోటీకి మనిషి ఉండగానే బేరం కుదిర్చినందుకు నెల్సన్ తనలో తనే మురిసిపోయాడు.

బయల్దేరబోతుంటే పెద్దాయన కిటికీ దగ్గరకొచ్చాడు.

"ఏవండీ, ఏలూరు రోడ్డెక్కేదాకా నన్నూ కూర్చోబెట్టుకుంటారా?"

ఎక్కితే మళ్లీ బేరం పెడతాడని నెల్సన్ భయం.

"చోటు లేదండీ."

"నా పక్కన ఉంది కదరా..." అంది కృపమ్మ. నెల్సన్ అప్పటికే గేరు వేసేశాడు.

"పర్లేదండి. జాగ్రత్తగా వెళ్లండి," అన్నాడాయన పక్కకి జరుగుతూ.

ఆ ఆదివారం పెదపాడు చర్చి ముందు క్వాలిస్ ఆగగానే ఆడవాళ్లంతా వచ్చి కృపమ్మని చుట్టుకున్నారు. ఆమె ప్రార్థనలో ఇంట్లో అందరి పేర్లూ చెప్పింది. చివర్లో, పేరు తెలియక, "నాకు చెయ్యందించిన ఆ లుంగీ ఆయన్ని కూడా చల్లగా చూడు తండ్రీ," అంది.

వానలు మొదలయ్యాయి. ఎడంపక్క వెనక తలుపులోంచి నీళ్లొచ్చాయి. రబ్బరు మార్పిస్తుంటే నెల్సన్‌కి ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. సిగ్గేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి, ఇంట్లో దొరికిన బండి రెండో తాళంచెవి ఇచ్చి పోదామని తాతాజీ ఏలూరు వచ్చాడు.

"ఆ రోజు మాతోపాటు బండి చూడ్డానికి ఒకాయన వచ్చారు కదండీ," అన్నాడు నెల్సన్. "ఆయన చెప్పినవన్నీ నిజమేనండి. నేనే అపార్థం చేసుకున్నాను. రోడ్డు దాకా ఎక్కించుకోమంటే కాదన్నాను. పాపం, ఆయనకి వేరే బండి ఏదన్నా దొరికిందా అండి?"

తాతాజీ కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆయనింక బండి కొనరండి. చూపు తగ్గిపోతోంది. స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పేశారు."

"అయ్యో! మరి ఆ రోజు ఎందుకొచ్చారండీ?"

"బండి ఎలాంటి ఇంటికి వెళ్తుందో కళ్లారా చూసుకోవాలని వచ్చి నిలబడ్డారండి మా మావయ్యగారు," అన్నాడు తాతాజీ, "ఆ క్వాలిస్ ఆయనదే."