ముందుకి అంటే అవును

మొదట్లో ఆయన చేతిలో ఉన్న సరుకు ఇంతే. గుండ్రటి పట్టాల సెట్టు, పొగగొట్టం ఉన్న పాత బొమ్మ ఇంజను, దానికి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు, మాట పడిపోయిన భార్య.

ముందు గదిలో బొమ్మల కొట్టు, వెనక గదిలో కాపురం. పక్షవాతం వచ్చాక ఆవిడ ఒంట్లో చెప్పిన మాట వినేది కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఆవిడ ఊ అంటే తప్ప ఇంట్లో చీపురుపుల్ల కూడా కదలదని, పెళ్ళయిన కొత్తలోనే ఆయన ఆవిడకి ‘గార్డుగారు’ అని పేరు పెట్టాడు. ఇప్పుడు పచ్చజెండా ఊపే చెయ్యే పడిపోయింది. అయినా ఆయన చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. ఉన్న సరుకుతోనే బేరం కుదుర్చుకున్నాడు.

ట్రాన్స్‌ఫార్మరుకీ పట్టాలకీ మధ్య చిన్న వైర్‌లెస్ డబ్బా బిగించాడు. టాబ్లెట్ తెచ్చి ఆవిడ వేలి కింద అమర్చాడు. తెర మీద వేలు కుడికి జరిపితే ఇంజను ముందుకి, ఎడమకి జరిపితే వెనక్కి.

“డాక్టరు రాసిన టాబ్లెట్లు మింగేవి, నేను తెచ్చింది మీటేది. ఏది పనిచేస్తుందో చూద్దాం గార్డుగారూ. ముందుకి అంటే అవును, వెనక్కి అంటే కాదు. సరేనా?”

మంచం పక్క బల్ల మీద ఇంజను ముందుకి కదిలింది. జబ్బు పడ్డాక ఆవిడ చెప్పిన మొదటి మాట అది. ఆయన భుజం మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

కానీ ఆ బల్ల ఉంటే మంచం చుట్టూ మసలడానికి చోటు లేదు. కొట్టు వదిలేసి ఎంతసేపని లోపల కూర్చుంటాడు? మర్నాడు టాబ్లెట్ ఒక్కటీ ఆవిడ వేలి కిందే ఉంచి, మిగతావన్నీ విప్పి, కౌంటరు అద్దం కింద పరిచి మళ్ళీ బిగించసాగాడు. గోడ అవతల ఉన్న ఆవిడకి రైలు కనబడదు, ఆయన కేక వినబడుతుంది. చాలు, జవాబు చూడాల్సింది ఆయనే కదా.

అంతలో చదరంగం బల్ల కోసం లెక్కల మాస్టారు వచ్చాడు.

“ఇంత బొమ్మకి ఎటు పోవాలో ఎలా తెలుస్తుందండీ?”

“దానికి బుర్రెక్కడిది మాస్టారూ! తెలివంతా ఈ రెండు తీగల్లోనే ఉంది. ఎర్రది ఈ డబ్బా మీది ఎర్ర చుక్క కింద, నల్లది నల్ల చుక్క కింద. తారుమారైతే ముందుకి రమ్మంటే వెనక్కి పోతుంది.”

“అచ్చం మీలాగే!”

ఆయన పకపకా నవ్వుతూ ఒక చేత్తో పై అరలోంచి చదరంగం బల్ల తీసిచ్చి, రెండో చేత్తో మరలు బిగించేశాడు. మాస్టారు గోడ వైపు తిరిగి గొంతు పెంచాడు.

“అమ్మా! మీ ఆయన మంచివాడేనా?”

ఇంజను చకచకా వెనక్కి నడిచింది.

“విన్నారా మాస్టారూ, నేను మంచివాణ్ణి కాదట! నలుగురిలో పరువు తీశావే గార్డుగారూ!” అన్నాడాయన. ఆ మాటకి ఇంజను ముందుకీ వెనక్కీ కొట్టుకుంది.

“చూశారా, ఆటలు మొదలుపెట్టింది” అని మురిసిపోయాడు.

నొప్పి ఉందంటేనే వెయ్యమని డాక్టరు ఒక మాత్రల అట్ట ఇచ్చి వెళ్ళాడు. ఏ బేరంలో ఉన్నా ఆయన మధ్యలో ఆపి, “గార్డుగారూ, నొప్పిగా ఉందా?” అని కేకేసేవాడు. ఇంజను వెనక్కి వెళ్ళేది. “హమ్మయ్య, లేదట” అనగానే మళ్ళీ ముందుకీ వెనక్కీ అదే అల్లరి. ఈ వయసులో చిన్నపిల్లయిపోయిందని నవ్వుకునేవాడు.

కూతురు ఫోన్ చేసింది.

“నాన్నా, అమ్మని నా దగ్గరికి పంపు. మా పక్క వీధిలోనే పెద్దాసుపత్రి. కొట్టూ అమ్మా రెండూ ఒక్కడివీ ఎలా చూసుకుంటావు?”

“మీ అమ్మని అడిగి చెప్తానమ్మా.”

ఎదురుగా కూర్చుని అడిగే ధైర్యం లేకపోయింది. వెళ్తానంటే తన మొహం ఎలా మారుతుందో ఆవిడ చూడకూడదు. కౌంటరు దగ్గరే నిలబడి అడిగాడు.

“అమ్మాయి రమ్మంటోంది. నువ్వు ఇక్కడే, నా దగ్గరే ఉంటావా?”

 ఇంజను మెల్లగా ముందుకి వచ్చి, అద్దం మీద ఆనించిన ఆయన చేతి కిందే ఆగింది.

“మీ అమ్మ రానంటోంది” అని ఫోన్‌లో చెప్తుంటే ఆయన గొంతులో గర్వం దాగలేదు.

ఒక్క ప్రశ్న దగ్గరే ఆయనకి కలిసిరాలేదు.

“నువ్వు పడిపోయిన రోజు తల పగిలిపోతోందన్నావు. బేరం తెగాక డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. ఆ కోపం పోయిందా?”

అడిగినప్పుడల్లా ఇంజను వెనక్కే వెళ్ళింది. ఒకసారి బతిమాలాడు కూడా. అప్పుడూ వెనక్కే.

చలికాలం గడవకముందే ఆవిడ పోయింది.

“నా దగ్గరికి పంపి ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేదేమో” అని కూతురు ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చింది. “అసలు అమ్మని అడిగావా నాన్నా?”

“అడిగాను తల్లీ. నా దగ్గరే ఉంటానంది.”

కూతురు చొక్కా వదిలేసింది.

అందరూ వెళ్ళిపోయాక, రైలు తీసేద్దామని ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని కౌంటరు ముందు కూర్చున్నాడు. చేతులు పట్టాలు విప్పుతుంటే మనసు తన అలవాటు చొప్పున లెక్క చూసుకుంది. ఆవిడ కోపం పోలేదు, అది నష్టం. ఏం చేసినా పూడదు. కానీ నొప్పి ఎరగకుండా పోయింది. మాత్రల అట్ట విప్పకుండా అలాగే ఉంది. అంతకన్నా పెద్ద లాభం, వెళ్ళే వీలుండి కూడా ఆవిడ తననే కోరుకుంది. మిగిలిన నాలుగు రోజులూ ఆ ఒక్క మాట మీద బతికెయ్యొచ్చు.

ఆఖరికి తీగలు ఊడదీద్దామని డబ్బాని తన వైపు తిప్పుకున్నాడు.

ఎర్ర తీగ నల్ల చుక్క కింద ఉంది.