నాలుగో అంతస్తు మందు

తలుపులు మూసుకోగానే లిఫ్టు నడిపే ఆవిడ మొదలుపెట్టింది.

“డాక్టరుగారూ, ఒక్కమాట అడగనా?”

“నాలుగో అంతస్తు వచ్చేలోపు అయిపోవాలి,” అన్నాడు నొప్పి మందుల డాక్టరు, ఫైల్లోంచి తలెత్తకుండా.

“అయిపోతుంది. పైన గదుల్లో కేన్సరు, కింద జనరల్ వార్డులోనూ కేన్సరే. పైన తలుపు తెరిస్తే టీవీ వినిపిస్తుంది. కింద తెరిస్తే మూలుగులు. తేడా రోగంలో ఉందా, మందులో ఉందా?”

డాక్టరు తలెత్తాడు. ఆసుపత్రిలో అందరూ ఆమెను లిఫ్టక్క అంటారు. రోజంతా స్టూలు మీద కూర్చుని మనుషుల్ని ఎక్కించి దించే ఆమెకు, ముఖం చూస్తే చాలు, ఎవరిది ఏ అంతస్తో తెలిసిపోతుంది.

“మందులోనే. పైన మార్ఫిన్ ఇస్తున్నాం.”

“అంత ఖరీదైనదా?”

“కాదు, చాలా చవక.”

“మరి?”

లిఫ్టు ఆగింది. ఆయన బతుకు జీవుడా అని దిగిపోయాడు.

మోకాళ్లనొప్పుల మనిషి, మెట్లు దిగలేడు. గంట తర్వాత మళ్లీ ఆ లిఫ్టే ఎక్కాల్సి వచ్చింది.

“మరి అన్నాను, మీరు దిగిపోయారు.”

ఆయనకు నవ్వొచ్చింది. “తాళం వేసి ఉంచే మందమ్మా అది. వేళకి ఇవ్వాలి, మోతాదు కనిపెట్టి ఉండాలి, ప్రతిసారీ రిజిస్టరులో సంతకం పెట్టాలి. కింద నర్సు ఒక్కతే. పైగా రోగులు అలవాటు పడతారని అక్కడి డాక్టర్ల భయం.”

“పైవాళ్లు అలవాటు పడరా?”

డాక్టరు మళ్లీ ఫైలు తెరిచాడు.

“పైవాళ్లకి నొప్పొస్తే నలుగురు చుట్టాలు మీ తలుపు కొడతారు. కిందివాళ్లు పంటిబిగువున ఓర్చుకుంటారు. ఓర్చుకున్నారు కాబట్టి నొప్పి లేదని కాగితం మీద రాసేస్తారు. ఎంత నొప్పిగా ఉందని ఒక్కరైనా అడిగారా?”

“వార్డులో మీవాళ్లెవరైనా ఉన్నారా?”

“చుట్టాలెవరూ లేరు. ఉంటేగాని అడగకూడదా?”

కింది అంతస్తు వచ్చింది. ఆమె లిఫ్టు ఆపేసి ముందు నడిచింది. ఇంటికి బయల్దేరినవాడల్లా డాక్టరు ఆమె వెనకే వార్డులోకి వెళ్లాడు.

మొదటి మంచం మీద ముసలి తాపీమేస్త్రీ.

“నొప్పి పదికి ఎంతుంటుంది, పెద్దాయనా?”

“ఇంతవరకూ ఎవరూ అడగలేదు బాబూ. తొమ్మిదేసుకోండి.”

పక్క మంచం మీది చేపలమ్మే ఆవిడ మాట్లాడలేక రెండు చేతుల వేళ్లన్నీ చాపి చూపించింది.

ఆరు మంచాలు తిరిగేసరికి ఆరు చీటీలయ్యాయి. ఆయన తాళం తీయించి, మొదటి మోతాదు దగ్గరుండి వేయించాడు. తర్వాత ఎంతసేపటికి ఎంత ఇవ్వాలో నర్సుకు రెండుసార్లు చెప్పి, ఆమె చేత అప్పజెప్పించుకున్నాడు. అంతా అయ్యేసరికి మేస్త్రీ గురక పెడుతున్నాడు. నాలుగు రోజులుగా అతనికి కంటిమీద కునుకు లేదని నర్సు చెప్పింది.

“రేపట్నుంచి నా రౌండ్లు కిందనుంచే మొదలు,” అన్నాడు డాక్టరు.

“ఆ మాట మీద ఉండండి. లేకపోతే లిఫ్టులో దొరుకుతారు.”

నర్సు నవ్వింది. డాక్టరు పెన్ను జేబులో పెట్టుకోబోతూ ఆగాడు.

“అందరికీ అయినట్టేనా, లిఫ్టక్కా?”

“నా నొప్పి ఎంతని ఎవరూ అడగలేదు. ఏడోది నాకు రాయండి.”