ఊరు పట్నమైంది

గడ్డపార భుజాన పెట్టుకుని చెరువు పూడిక తీసే పనికి వచ్చిన అంజవ్వను, హాజరు రాసే మన్నాన్ కట్ట మీదే ఆపాడు.

"ఉపాధి పని బందయింది అవ్వా. మన పంచాయతిని మున్సిపాలిటీల కలిపిన్రు."

"కలిపితే మంచిదేనాయె! మొన్న లడ్డూలు పంచితే నేను గూడ తిన్న."

"గీ పని పల్లెలకే ఇస్తరు. మనది ఇగ పట్నం."

అంజవ్వ కొంగుముడి విప్పి జాబ్‌కార్డు చూపించింది. "గిండ్ల నా ఫోటో ఉన్నది గదా బిడ్డా!"

"ఫోటో ఉన్నది. ఊరే లేదు."

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. "నీకేంది, నౌకరున్నోనివి! ఎన్నైనా చెప్తవ్."

"నా నౌకరీ గూడ పంచాయతితోనే పాయె."

"మరి పొద్దుగాల్నే రిజిస్టర్ పట్టుకొని ఎందుకొచ్చినవ్?"

మన్నాన్ చెరువు వైపు చూశాడు. "ఇంట్ల ఇంకా చెప్పలేదవ్వా."

అంజవ్వ గడ్డపార కింద పెట్టి అతని పక్కనే కూలబడింది. పని విడిచి ఇంటికి పోయే వేళకు ఇంకా చాలా పొద్దుంది.