పాట కింద చప్పుడు

“పాట బ్రహ్మాండంగా ఉందయ్యా దొరబాబూ. ఆ కింద దబ్ దబ్ మనే చప్పుడు మాత్రం తీసెయ్. రేపు జ్ఞాపకార్థ కూటానికి సంఘమంతా వస్తుంది,” అన్నారు నతానియేలు మేష్టారు.

దొరబాబు మొహం చిన్నబోయింది. రేడియోల పనిలో అమలాపురం మొత్తమ్మీద తనంతవాడు లేడని పేరు. ఆ పేరు వినే మేష్టారు రాజోలు పిలిపించారు. దొరల బంగళా వేలంలో కొన్న నిలువెత్తు పాత స్పీకర్లు రెండు ఆయన హాల్లో ఉన్నాయి. మేష్టారి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరు వాటికి నప్పక, క్యాసెట్టులో పాట రేకు డబ్బాలో గులకరాళ్లలా మోగేది. “ఈ స్పీకర్లకి వాట్లు ఎక్కువక్కర్లేదండి, వాల్వులుండాలి,” అని బల్లగుద్ది చెప్పి, మూతపడ్డ టూరింగ్ టాకీసులోంచి వాల్వుల ఆంప్లిఫయరు సంపాదించి బస్సులో మోసుకొచ్చాడు దొరబాబు.

అన్నట్టే అయింది. వాల్వులు ఎర్రబడగానే పాటకి ప్రాణం వచ్చింది. ఆడ గొంతులు, మగ గొంతులు వేటికవే విడివిడిగా పలికాయి. సరుగుడు చెట్లలో గాలి కూడా వినిపించింది. దాంతోపాటే ఈ చప్పుడూ వచ్చిపడింది.

“మా ఆవిడ రాహేలు ఆవేళ పొద్దున్న నాకు కాఫీ ఇచ్చింది. ఇచ్చినచోటే కూలిపోయింది. ఎండలకి ఆగదని సాయంత్రానికే మట్టిచేసేసేరు. నేను సొమ్మసిల్లి ఇంట్లో పడున్నాను. గోతిలోకి దింపేముందు పాడిన పాటయ్యా అది. సరిగ్గా వినడానికి నాకు ఏడాది పట్టింది.”

మేష్టారి మాటలు విని దొరబాబుకి జాలేసింది. ఆ చప్పుడు తీసేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదనుకున్నాడు.

వాల్వులు మార్చాడు. తీగలు ఊడదీసి మళ్లీ బిగించాడు. స్పీకర్లని గోడకి ఎడంగా జరిపాడు. చప్పుడు ఇంకా స్పష్టమైందే తప్ప పోలేదు. చివరికి పాస్టరుగారి ప్రసంగం క్యాసెట్టు వేసి చూశాడు. అది శుభ్రంగా ఉంది.

“చప్పుడు మీ పాట క్యాసెట్టులోనే ఉందండి మేష్టారూ.”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! నా పాత ఆంప్లిఫయర్లో ఎప్పుడూ వినపళ్లేదే?”

“దాంట్లో లోతు శబ్దాలు పలకవండి.”

దొరబాబు పాట మళ్లీ పెట్టి, స్పీకరు గుడ్డకి చెవి ఆనించాడు. చప్పుడు తాళానికి కలవడంలేదు. మొదట ఆగి ఆగి వచ్చింది. రెండో చరణంలో గబగబా వచ్చింది. మూడో చరణంలో నీరసపడి, ఆమెన్ అనకముందే ఆగిపోయింది.

ఆ పాట రికార్డు చేసింది మేష్టారి బావమరిది ఇశ్రాయేలు. అతను అక్కడే కూర్చుని ఉన్నాడు.

“డోలక్కేమైనా వాయించేరాండి?” అని అతన్నే అడిగాడు దొరబాబు.

“చావుకి డోలక్కేంటండీ! ఒట్టి గొంతులేనండి.”

“పోనీ, పక్కన ఎవరైనా గునపం పోట్లేస్తున్నారా?”

“గొయ్యి అంతకుముందే తవ్వేసేరండి. పాటప్పుడు ఎవరూ మెదల్లేదండి.”

“మరి మీ టేప్ రికార్డరు దేనిమీద ఉంచేరు? నేలమీదా?”

ఇశ్రాయేలు కాస్త గర్వంగా సర్దుకు కూర్చున్నాడు.

“నేలమీదయితే ఇసక దూరిపోదాండీ! పాట బాగా పట్టాలని, మేకులు కొట్టేసేకా, అక్కయ్య పెట్టె మూత మీదే ఉంచేనండి.”