కొవ్వొత్తంత మంట

మంట వచ్చింది. కానీ ఏం మంట అది! పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తి నయం.

వెర్నన్ గ్రిల్లు మూత దబాల్న వేశాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ చూశాడు. పంది మాంసం ముక్కలు పెట్టినవి పెట్టినట్టే తెల్లగా పడున్నాయి.

"ఏవయ్యా, అవి కాలుతున్నాయా, చలి కాచుకుంటున్నాయా?" ట్రైలర్ మెట్టు మీద కూర్చుని అడిగింది ఆయన భార్య మార్లిస్.

"ఉండవే కాసేపు!"

"ఉంటూనే ఉన్నాగా. మధ్యాహ్నం నుంచీ ఉంటూనే ఉన్నా."

వెర్నన్ అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జీవితమంతా మొక్కజొన్న లారీ తోలాడు. పని మానేశాక ఈ ట్రైలర్ కొన్నాడు. అందులోనే మంచం, స్నానాల గది, అన్నీ. ఎండాకాలమంతా భార్యతో కొండల్లో తిరగాలని ఆయన కోరిక. మార్లిస్‌కేమో అడవంటేనే చిరాకు. ఆఖరికి ఒక మాట అంది.

"మొదటి రాత్రి నువ్వు ఆ గ్రిల్లు మీద నేను తినగలిగేలా ఒక్క పూట వండి పెట్టు. నువ్వెక్కడికంటే అక్కడికొస్తా. పెట్టలేకపోయావా, సోమవారం ట్రైలర్ అమ్మేస్తా."

ఆమె అన్నదంటే చేస్తుంది. కిందటేడు పడవ అలాగే పోయింది.

అందుకే గ్రిల్లు కొనడానికి వెర్నన్ షాపులో ఒక పూటంతా నిలబడ్డాడు. గుండ్రటిది చూశాడు. రెండు ముక్కలకే నిండిపోద్ది. కాళ్ళున్నది చూశాడు. ట్రైలర్ అడుగు అరలో పట్టదు. చివరికి బల్ల మీద పెట్టుకునేది, రెండు బర్నర్లది తీసుకున్నాడు. మూతకి గొళ్ళెం కూడా ఉంది, దారిలో కుదుపులకి తెరుచుకోదు. ట్రైలర్ పక్కన గ్యాస్ గొట్టం ఉండనే ఉంది, దానికి తగిలించేస్తే చిన్న సిలిండర్లు మోసే బాధ లేదని మురిసిపోయాడు.

తగిలించాడు. ఇదీ సంగతి.

బర్నర్లు విప్పి ఊదాడు. గొట్టం పీకి మళ్ళీ పెట్టాడు. వేలు కాల్చుకున్నాడు. జూలై ఉక్క, చొక్కా వీపుకి అంటుకుపోయింది. కుక్కని నడిపిస్తూ అటు పోతున్న ఒకాయన ఆగి, "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడిగి, తనలో తనే నవ్వుకుంటూ పోయాడు. వెర్నన్‌కి ఒళ్ళు మండింది. గ్రిల్లు మాత్రం మండలేదు.

లోపల సొరుగులు లాగిన చప్పుడు. మార్లిస్ తల బయటపెట్టింది.

"ఉప్పు డబ్బా ఇంట్లో మర్చిపోయా. పోయి తెస్తావా?"

"క్యాంపింగ్‌కొచ్చి ఉప్పు కోసం ఇంటికి పోయేవాణ్ణి ఎక్కడన్నా చూశావా? ముందే చెప్పాను. ఈ రాత్రికి ట్రైలర్లో ఏముంటే అదే. ఇల్లనే మాటెత్తొద్దు."

"అలాగే మహానుభావా!"

వాళ్ళ ముసలి కుక్క పికిల్ కూడా అలిగింది. ట్రైలర్‌కి వీపు పెట్టి కూర్చుని, అటెటో చూస్తూ మూలుగుతోంది.

ఇంతలో పక్కాయన ఓర్లో వచ్చాడు. చంకలో మడతకుర్చీ, చేతిలో బీరు. ఆయనకీ ఒక ట్రైలరుంది. ఇలాంటివి చూడ్డం ఆయనకి సరదా.

"గ్రిల్లుకున్న రెగ్యులేటర్ తీసేశావా గురూ?"

"అదెందుకు తియ్యాలి?"

ఓర్లో పగలబడి నవ్వాడు. "ఆ గొట్టంలోకొచ్చే గ్యాసు జోరుని ట్రైలరే ఒకసారి తగ్గించి పంపిద్ది. నీ గ్రిల్లు మళ్ళీ తగ్గిస్తంది. ఇంకేం మిగులుద్దయ్యా? పోయినేడు నేనూ ఇదే వెధవపని చేసి మా ఆవిడకి పచ్చి సాసేజి పెట్టా."

వెర్నన్ స్పానర్ పెట్టి తిప్పాడు. రాలేదు. బలమంతా పెట్టాడు. స్పానర్ జారి వేళ్ళు చెక్కుకుపోయాయి. నోట్లోంచి ఒక బూతు బయటికొచ్చింది.

"వదిలెయ్. చిన్న సిలిండరైతే రెగ్యులేటర్‌తోనే బిగించుకోవచ్చు. నా దగ్గరుంది, తెస్తానుండు."

"ఓర్లో సిలిండర్ పనికొస్తది గానీ, నా ఉప్పు పనికిరాదా?" అంది మార్లిస్.

"పక్కవాళ్ళని అడగడం క్యాంపింగ్‌లో మామూలే. కావాలంటే ఆయన్నే అడుగు ఉప్పు."

"నాకు బీపీ" అన్నాడు ఓర్లో దిగులుగా. "మా ఆవిడ ఉప్పు కొనడమే మానేసింది."

సిలిండర్ వచ్చింది. బిగించారు. బుస్సుమని నీలం మంట లేచింది. మాంసం సుయ్యిమంది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. వెర్నన్ గొడుగు గ్రిల్లుకి పట్టి తను తడిశాడు.

మొదటి ముక్క పళ్ళెంలో పెట్టి మార్లిస్ చేతికిచ్చాడు. ఆమె కోసుకుని నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది.

"బాగా కాలింది. చారలు కూడా పడ్డాయి."

"అయితే వస్తావా?"

"నేను తినగలిగేలా అన్నాను. ఇది చప్పిడి గడ్డి." పళ్ళెం మెట్టు మీద పెట్టేసింది. "సోమవారం" అంది.

ఆమె మొహంలో నవ్వు లేదు. ఓర్లో బీరు వైపు చూసుకుంటున్నాడు. తిరగాలనుకున్న కొండలన్నీ ఆ వానలోనే కరిగిపోతున్నట్టనిపించింది వెర్నన్‌కి.

ఆయన గొడుగు కింద పడేసి, పికిల్ తోకూపుకుంటూ ముందు పరిగెత్తుతుంటే, ట్రైలర్ ఆపి ఉన్న తన వాకిట్లోనే గడ్డి దాటి, తన ఇంటి వంటగది తలుపు తీసి, గట్టు మీదున్న ఉప్పు డబ్బా పట్టుకొచ్చాడు.