ఒక్క లైఫే

"ఫోనియ్యి పాపా, కంపెనీ బస్సు పోతాది," గుమ్మంలో నిలబడి తొందరపెట్టాడు చక్రధర్.

"ఒక్క లైఫే ఉండాది, ఉండు నాయనా," అంది ఆరేళ్ల కూతురు మహిత.

అది మాటలు నేర్పే ఆట. తెర మీద ఒక మీసాలాయన, ఆయన వేలు పట్టుకున్న పాప. "ఈయన పాపకు ఏమవుతాడు?" ఫోను అడిగింది.

"నాయన," అనేశాడు చక్రధర్ విసుగ్గా.

"తప్పు," అంది ఫోను. ఆట అయిపోయింది.

"నువ్వెందుకు చెప్పినావు? నాన్న అంటేనే దానికి తెలుస్తాది." మహిత కళ్లల్లో నీళ్లు.

వీధి చివర హారన్ మోగింది. చక్రధర్ కదల్లేదు. ఆట మళ్లీ మొదలుపెట్టి, అదే బొమ్మ రాగానే ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"నాన్న."

ఫోను చప్పట్లు కొట్టింది. మహిత కొట్టలేదు.

"అట్లనద్దు నాయనా," అంది అతని చొక్కా పట్టుకుని. "వేరేవాళ్ల నాయన మాదిరుండావు."